కరెంటుకూ కాలువకూ నెలవారీ లెక్క కట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య

అనుమసముద్రంపేట, సెప్టెంబరు 14: కృష్ణకు వరద మొదలైందని తెలియగానే మన మెట్ట పల్లెల్లో రచ్చబండ దగ్గర పుట్టే ప్రశ్న ఒక్కటే. శ్రీశైలానికి చేరిన నీళ్ళు పోతిరెడ్డిపాడు తూముల్లోంచి మన సోమశిల వైపు మళ్ళుతాయా, లేక కరెంటు తీయడానికి కిందికి వదిలేస్తారా అన్నది. జలాశయం నిండి గేట్లమీద పొర్లే రోజుల్లో ఈ తగాదా ఉండదు. అప్పుడు అందరికీ చాలినన్ని నీళ్ళే. వరద ఇంకా పుంజుకోని జూన్, జూలైలలోనూ, వరద తగ్గి మట్టం దిగిపోయే మాసాల్లోనూ పేచీ వస్తుంది. రేపు సెప్టెంబరు 15 ఇంజనీర్ల దినోత్సవం. ఎవరి పుట్టినరోజు పేరిట ఆ ఉత్సవం జరుగుతున్నదో ఆయన నూరేళ్ళకు పైబడిన కిందటే కావేరి మీద సరిగ్గా ఇటువంటి పేచీలో తలదూర్చి, లెక్క కట్టి, ఆనకట్ట కట్టించారు. అందుకే ఈ ఏడు ఆయన జీవితంలో ఆ భాగాన్నే కొంచెం వివరంగా చెప్పుకోవడం మనకు అక్కరకొస్తుంది.

సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యను కన్నడిగులు తమవాడంటారు. అందులో తప్పు లేదు. ఆయన పుట్టింది మైసూరు సంస్థానంలోని చిక్కబళ్ళాపురం దగ్గర ముద్దెనహళ్ళిలో, 1861 సెప్టెంబరు 15న. అయితే ఇంటిపేరు మాత్రం మన వెలిగొండలకు ఆవల, బేస్తవారిపేట దగ్గర ఉన్న మోక్షగుండానిది. పూర్వీకులు ఆ ఊరినుంచి మైసూరు సీమకు వలస వెళ్ళిన తెలుగు బ్రాహ్మణులు. ఎంత దూరం పోయినా ఊరి పేరును వదులుకోలేదు. ఉదయగిరి దుర్గం చూసి వచ్చేవాళ్ళకు ఆ కొండల వెనుక దిక్కున ఇంత పేరున్న వంశం మూలం ఉందని తెలియకపోవడం విచారకరం.

తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు. తల్లి వెంకటలక్ష్మమ్మ. ఆస్తిపాస్తులు అంతంతమాత్రం. విశ్వేశ్వరయ్య చిన్నతనంలోనే తండ్రి పోయారు. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకునే 1876-78 నాటి మహాక్షామం వచ్చేసరికి ఆయన పదిహేనేళ్ళ కుర్రవాడు. ఆ కరువు మన నెల్లూరు, కడప, కర్నూలు సీమలతో పాటు మైసూరును కూడా ఊడ్చేసింది. నీళ్ళు లేకపోతే మనిషి గతి ఏమవుతుందో ఆ వయసులో ఉన్నవాడికి ఇంకొకరు చెప్పనక్కరలేదు.

బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో చదువుకునే రోజుల్లో ఒక కుటుంబంలో పిల్లలకు చదువు చెప్పి, ఆ ఆదాయంతో రోజులు గడుపుకున్నారు. 1881లో బి.ఏ. పూర్తయింది. సంస్థానం ఉపకారవేతనంతో పూనా ఇంజనీరింగు కాలేజీలో చేరి, 1883లో ప్రథముడుగా నెగ్గారు. మరుసటేడు బొంబాయి ప్రభుత్వ మరామతు శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా ఉద్యోగం వచ్చింది. సింధులోని సుక్కూరు పట్టణానికి మంచినీరు, ఏడెన్‌కు మురుగుకాలువల పథకం, ఇలా ఆ ఉద్యోగంలో చేసినవి చాలా ఉన్నాయి. వాటిలో రెండు మన విషయానికి సంబంధించినవి.

పుణే దగ్గర రెండు పనులు

మొదటిది తలుపులు. పుణేకు నీరిచ్చే ఖడక్‌వాస్లా జలాశయం నుంచి ఏటా వరదనీరు కలుజు మీదుగా పొర్లిపోయేది. వేసవి వచ్చేసరికి నీళ్ళు చాలేవి కావు. కట్ట ఎత్తు పెంచితే ఖర్చు, పైగా పాతకట్ట ఆ బరువు ఆగుతుందో లేదో. విశ్వేశ్వరయ్య కట్టను ముట్టుకోకుండా కలుజు మీద ఉక్కు తలుపులు అమర్చారు. నీరు నిర్ణీత మట్టానికి వచ్చేదాకా అవి మూసుకుని ఉంటాయి. అది దాటగానే వాటంతటవే తెరచుకుంటాయి. వరద తీయగానే మళ్ళీ మూసుకుంటాయి. రాత్రిపూట వరద వచ్చినా మనిషి పరుగెత్తనక్కరలేదు. 1903లో ఇవి పనిలోకి వచ్చాయి. దీనివల్ల కట్ట పెంచకుండానే అడుగుల లెక్కన నీటి నిల్వ పెరిగింది. ఈ తలుపులకు పేటెంటు పుచ్చుకున్నా, ప్రభుత్వ ఉద్యోగంలో ఉండి చేసిన పనికి రాయల్టీ తీసుకోవడం తగదని ఆయన ఊరుకున్నారు.

రెండవది మన రైతులకు ఇంకా బాగా అర్థమయ్యేది. నీరా కాలువ కింద ఎగువ గ్రామాల వాళ్ళు చెరుకు వేసి ఏడాది పొడుగునా నీళ్ళు గుంజుకునేవారు. చివరి భూములకు చుక్క అందేది కాదు. నీళ్ళు నిలిచిన పైభూములేమో చవుడు తేలి చెడిపోయేవి. కాలువ చివర పొలం ఉన్నవాడి గోడు మన ఆత్మకూరు తాలూకాలోనూ తెలియనిది కాదు. 1899 ప్రాంతంలో విశ్వేశ్వరయ్య దీనికి బ్లాకు పద్ధతిని తెచ్చారు. గ్రామ భూములను ముక్కలుగా కాక పెద్ద బ్లాకులుగా విడగొట్టి, ఒక్కొక్క బ్లాకులో మూడోవంతు మాత్రమే చెరుకువంటి నీటిపైరు, తక్కినది తక్కువ తడి పైర్లు. ఏటేటా ఆ వంతు మారుతుంది. నీళ్ళు ఎవరికి ఎప్పుడు వస్తాయో ముందే నిర్ణయం. మొదట రైతులే ఎదురుతిరిగారు. పత్రికలూ విమర్శించాయి. ఆయన గ్రామాలు తిరిగి, రైతులతో కూర్చుని నచ్చజెప్పారు. ఈ పని చేసినప్పుడు ఆయనకు నలభై ఏళ్ళు లోపే. తరువాత జీవితమంతా ఈ ఒక్క ఆలోచననే పెద్దది చేస్తూ పోయారని నాకు అనిపిస్తుంది.

1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తి వేలమందిని పొట్టన పెట్టుకుంది. నిజాం ప్రభుత్వం పిలుపుమీద 1909లో ఆయన వెళ్ళి, నగరానికి ఎగువన జలాశయాలు కట్టి వరదను అక్కడే పట్టి ఉంచాలని సూచించారు. అవే తరువాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. ఆ ఏడాదే నవంబరులో మైసూరు సంస్థానం చీఫ్ ఇంజనీరుగా చేరారు.

కావేరి దగ్గర పేచీ

ఆయన చేరేనాటికి మైసూరులో ఒక చిక్కు ముదిరి ఉంది. కావేరి శివసముద్రం దగ్గర జలపాతమై దూకుతుంది. దివాన్ శేషాద్రి అయ్యర్ పట్టుదలతో అక్కడ విద్యుత్ కేంద్రం కట్టి, 1902లో 92 మైళ్ళ దూరంలో ఉన్న కోలారు బంగారు గనులకు తీగలమీద కరెంటు పంపారు. అంత దూరం పంపడం ఆనాటికి ప్రపంచంలోనే గొప్ప. 1905లో బెంగుళూరు వీధిదీపాలు కూడా ఆ కరెంటుతోనే వెలిగాయి. మన తెలుగువాళ్ళూ తమిళులూ వేలాదిగా పనిచేసిన ఆ గనుల కంపెనీ కరెంటుకు సొమ్ము చెల్లించేది. సంస్థానం ఖజానాకు అది మంచి రాబడి.

ఇబ్బంది ఎక్కడంటే, గనికి కరెంటు ఆషాఢంలో ఎంత కావాలో చైత్రంలోనూ అంతే కావాలి. నది అలా పారదు. వర్షాకాలంలో కడలిలా వచ్చి, వేసవిలో రాళ్ళు తేలుతుంది. కావేరి తగ్గినప్పుడల్లా కరెంటూ తగ్గి గనుల్లో యంత్రాలు కుంటుపడేవి. కంపెనీ ఇంకా ఎక్కువ కరెంటు కావాలంటున్నది. కాబట్టి ఎగువన ఎక్కడో ఒక జలాశయం కట్టి, వానాకాలపు నీళ్ళు ఆపి, వేసవిలో కొలిచి వదలాలి. ఇంతవరకు అందరికీ ఒప్పుదలే.

విశ్వేశ్వరయ్య అక్కడితో ఆగలేదు. మైసూరు నగరానికి దగ్గర్లో కన్నంబాడి గ్రామం వద్ద కట్టే ఆనకట్ట కరెంటుకే పరిమితం కారాదని, అదే నీటితో మండ్య ప్రాంతపు మెట్టభూములకు కాలువ పారించాలని ప్రతిపాదించారు. అక్కడే అసలు సంకటం ఉంది. ఆనకట్ట నుంచి నదిలోకి వదిలిన నీరు శివసముద్రం చేరి యంత్రం తిప్పుతుంది. ఆ తరువాత కూడా అది పోదు, కిందికి పారి తంజావూరు డెల్టా రైతుకు చేరుతుంది. కాలువలోకి మళ్ళించిన నీరు పొలంలో ఇంకుతుంది. అందులో చాలాభాగం మళ్ళీ శివసముద్రానికి రాదు. అంటే కాలువకు ఇచ్చే ప్రతి బానా కరెంటుకు తగ్గినట్టే. వరికి జూలై నుంచి డిసెంబరు దాకా నీళ్ళు కావాలి, ఆ నెలల్లో నది కూడా సాయం చేస్తుంది. చెరుకుకేమో మండు వేసవిలో తడి కావాలి. కరెంటుకూ కరువు ఆ నెలల్లోనే.

ఈ లెక్క మన రైతుకు తెలిసేలా ఒక ఉదాహరణ. సెకనుకు వెయ్యి ఘనపుటడుగుల చొప్పున నీరు వదిలితే రోజుకు 8.64 కోట్ల ఘనపుటడుగులు పోతుంది. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు గనుక పదకొండున్నర రోజులకు ఒక టీఎంసీ ఖర్చు. డిసెంబరు నుంచి మే దాకా ఆరు నెలలు అలా వదలాలంటే సుమారు 15.7 టీఎంసీలు నవంబరు ఆఖరుకు జలాశయంలో విడిగా ఉండితీరాలి. ఆవిరయ్యేది, అడుగున మిగలాల్సింది దీనికి అదనం. ఇక మిగిలిన నీళ్ళే రైతుకు పంచదగినవి. ఈ తీసివేత ముందు చేయకుండా ఆయకట్టు ప్రకటిస్తే వేసవిలో పైరైనా ఎండాలి, కరెంటైనా ఆగాలి. విశ్వేశ్వరయ్య పద్ధతి ఈ తీసివేతను కాగితం మీద ముందు చేసి, తరువాత ఆనకట్ట ఎత్తు నిర్ణయించడం.

ఒకటి అడిగి రెండు పునాదులు

సంస్థానంలో వెంటనే అనుమతి రాలేదు. అంత ఖర్చెందుకని, అంత కరెంటు కొనేదెవరని ఖజానా వైపునుంచి అభ్యంతరాలు వచ్చాయి. చివరకు మహారాజా నాలుగవ కృష్ణరాజ వొడెయరు అండతో 1911లో పని మొదలైంది. ఇక రెండో అడ్డంకి మద్రాసు ప్రభుత్వం. 1892 నాటి ఒప్పందం ప్రకారం కావేరి మీద కొత్తగా ఏం కట్టినా మద్రాసు సమ్మతి ఉండాలి. తంజావూరు డెల్టాకు నీళ్ళు తగ్గుతాయని వాళ్ళ భయం. అది ఉత్తభయం అనడానికి లేదు. పై ఊరివాడు కట్ట వేస్తుంటే కింద చెరువువాడు నిద్రపోతాడా? మద్రాసు 11 టీఎంసీల చిన్న జలాశయానికి మాత్రం సరేనంది. మైసూరు ఆ మేరకే మొదటి దశ అంటూ మొదలుపెట్టి, పునాదులు మాత్రం 41.5 టీఎంసీల పెద్ద ఆనకట్టకు సరిపోయేటట్టు వేసింది. ఇది చాకచక్యమా, మాట తప్పడమా అనేది కావేరికి ఏ ఒడ్డున ఉన్నవాణ్ణి అడిగామన్నదాన్ని బట్టి ఉంటుంది.

తగాదా మధ్యవర్తి గ్రిఫిన్ ముందుకు 1913లో వెళ్ళింది. ఆయన తీర్పు మద్రాసుకు నచ్చక లండను దాకా పోయింది. ఆఖరుకు 1924 ఫిబ్రవరిలో రెండు ప్రభుత్వాలూ ఒప్పందం చేసుకున్నాయి. ఆ ఒప్పందంలో మనం గమనించదగ్గది దాని వెంట ఉన్న నీటి నియమాలు. తిరుచిరాపల్లి ఎగువన ఉన్న మేలానకట్ట వద్ద ఏ నెలలో నీటిమట్టం ఎంత ఉండాలో నెలనెలకూ రాసుకున్నారు. అంత నీరు కిందికి చేరాకే మైసూరు తన జలాశయంలో నింపుకోవాలి. ఆ బదులుగా మద్రాసు మెట్టూరు దగ్గర తన ఆనకట్ట తాను కట్టుకుంది. అది 1934లో పూర్తయింది.

కన్నంబాడి పని సామాన్యంగా సాగలేదు. సిమెంటు వాడలేదు. సున్నంలో ఇటుకపొడి కలిపి తయారుచేసిన సుర్ఖీ గచ్చుతోనే రాతికట్టడమంతా లేపారు. వేలాది కూలీలు రాత్రులు దీపాల వెలుగులో కూడా పనిచేశారు. గనుల కంపెనీకి చెప్పిన గడువులోగా, నది పొంగేలోగా కట్టను నిర్ణీత ఎత్తుకు తీసుకురావాలన్న తొందర. మలేరియా జ్వరాలతో జనం బాధపడ్డారు. పని జరిగే చోట టిప్పు సుల్తాన్ కాలపు పారశీక శాసనం ఒకటి బయటపడింది. అక్కడే కావేరికి కట్ట వేయాలని టిప్పు సంకల్పించినట్టు అందులో ఉంది. ఆ రాయిని ఆనకట్ట దగ్గరే ఉంచారు. కన్నంబాడి గ్రామం, చుట్టుపక్కల ఊళ్ళు మునిగాయి. సోమశిల ముంపు గ్రామాల వాళ్ళను ఎరిగిన మనకు ఆ మాట చదివి ఊరుకోవడం కష్టం. ఊరు వదిలినవాళ్ళ పేర్లు ఏ శిలాఫలకం మీదా ఉండవు.

1912 నవంబరులో మహారాజా ఆయనను దివానుగా నియమించారు. ఆరేళ్ళ దివానుగిరిలో మైసూరు బ్యాంకు, విశ్వవిద్యాలయం, భద్రావతి ఇనుప కర్మాగారం పునాదులు పడ్డాయి. 1915లో సర్ బిరుదు వచ్చింది. 1918లో పదవి వదిలేశారు. ఉద్యోగాల్లో వెనుకబడిన కులాలకు ప్రత్యేక వాటా ఇవ్వాలని మహారాజా తలచడం, చదువు, ప్రతిభ మాత్రమే చూడాలని ఈయన పట్టుబట్టడం అందుకు ముఖ్య కారణం. నీటి విషయంలో కాలువ చివరివాడికి వాటా కోసం పోరాడిన పెద్దమనిషి ఉద్యోగాల విషయంలో ఆ చివరివాణ్ణి చూడలేకపోయారని నా అభిప్రాయం. మహారాజాదే ముందుచూపు.

ఇరవై ఏళ్ళు ఆగిన రైతు

ఇంకొక నిజం కూడా రాయాలి. కన్నంబాడి నీళ్ళు మొదట దక్కింది కరెంటుకే. తక్కువ ఎత్తులో కట్ట లేవగానే శివసముద్రానికి నిలకడగా నీరు అందింది, గనుల రాబడి పెరిగింది. మండ్య రైతు మాత్రం మద్రాసు తగాదా తెగేదాకా, కట్ట పూర్తి ఎత్తుకు లేచేదాకా, కాలువ తవ్వేదాకా ఆగాల్సివచ్చింది. కృష్ణరాజసాగరం 1931లో పూర్తయింది. పూర్తి మట్టం 124.80 అడుగులు, మొత్తం నిల్వ 49.45 టీఎంసీలు. పని మొదలైనప్పుడు యాభై ఏళ్ళ వయసున్న విశ్వేశ్వరయ్యకు అప్పటికి డెబ్బయి ఏళ్ళు. పదవి లేకపోయినా కాలువ విషయం వదిలిపెట్టలేదు. 1920 దశకంలో కాలువ కోసం వేసిన సంఘానికి అధ్యక్షత వహించారు. కాలువను కొండలోంచి సొరంగం తొలిచి అవతలికి తీసుకువెళ్ళారు. వైస్రాయి పేరుమీద దానికి ఇర్విన్ కాలువ అని పేరుపెట్టారు.

ఆ కాలువ కింద నీరా నాటి బ్లాకు పద్ధతే మళ్ళీ వచ్చింది. చెరుకు, వరి, రాగివంటి ఆరుతడి పైరు వంతులవారీగా తిరిగేటట్టు ఏర్పాటు. దీని కిటుకు ఇంజనీరుకే కాదు, ఎడ్లు తోలేవాడికీ తెలుస్తుంది. అందరూ చెరుకే వేస్తే మార్చి, ఏప్రిల్‌లలో కాలువ ఎంత అడుగుతుందో ఎవరూ చెప్పలేరు. మూడోవంతే చెరుకని ముందే కట్టడి ఉంటే వేసవి అవసరం ఇంత అని తేలుతుంది. అప్పుడు శివసముద్రానికి వదలవలసిన నీటికీ పూచీ ఉంటుంది. పొలంలో వంతు లేకుండా ఆనకట్ట దగ్గర వంతు నిలవదు. 1930 దశకంలో మండ్యలో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. కరువు సీమ అన్న పేరు పోయింది. కాలక్రమేణా ఆ వంతుల పద్ధతి సడలి వరి, చెరుకు విస్తరించాయి. వానలు తప్పిన ఏడు కావేరి పేచీ మళ్ళీ రోడ్డెక్కుతూ వచ్చింది. 1990లో ట్రిబ్యునల్, 2007లో దాని తుదితీర్పు, 2018లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాయి. ఆ తీర్పుల్లోనూ నెలకు ఇన్ని టీఎంసీలని పట్టిక ఉంది.

మన శ్రీశైలం సంగతి

కృష్ణరాజసాగరాన్నీ శ్రీశైలాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అక్కడ ఒకవైపు కాలువ, ఒకవైపు నదిలోకి వదిలి కరెంటు తీసే నీరు. ఇక్కడా అంతే. పోతిరెడ్డిపాడు నుంచి బయలుదేరిన నీరు బానకచర్ల చేరి, కుందూ, పెన్నల మీదుగా సోమశిలకు, అక్కడినుంచి కండలేరుకు, మద్రాసు నగరానికి పోతుంది. విద్యుత్ కేంద్రాల గుండా పోయిన నీరు నాగార్జునసాగరానికి చేరుతుంది. మన పెన్నకు రాదు. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. 854 అడుగులు ఉంటేనే పోతిరెడ్డిపాడు నుంచి సరిగ్గా నీరు తీయగలమని మన ప్రభుత్వం వాదన. 841 అడుగుల కిందికి దిగితే ఆ తూములకు నీరే అందదు. కరెంటు మాత్రం అంతకన్నా కింద కూడా తీయవచ్చు. కుడిగట్టు కేంద్రం 770 మెగావాట్లు, ఎడమగట్టుది 900 మెగావాట్లు.

2021 జూన్, జూలైలలో మట్టం తక్కువగా ఉండగానే తెలంగాణ ఎడమగట్టున కరెంటు తీయడంతో రెండు రాష్ట్రాల మధ్య గొడవ ముదిరి, ఆనకట్టల దగ్గర పోలీసులను మోహరించేదాకా వెళ్ళింది. శ్రీశైలం మొదట విద్యుత్ ప్రాజెక్టుగానే మంజూరైందనీ, ఎత్తిపోతల పంపులకు కరెంటు కావాలనీ తెలంగాణ అంటుంది. అదీ అబద్ధం కాదు. ఆ ఎత్తిపోతల చివర ఉన్నవాడూ రైతే. 2014లో ఏర్పడిన కృష్ణా బోర్డు రెండువైపుల మాటలూ వింటూ వచ్చింది. సోమశిల 78 టీఎంసీల జలాశయం. పెన్నకు వరద రాని ఏడు అది శ్రీశైలం దిక్కు చూడవలసిందే. ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట గ్రామాల కోసం తలపెట్టిన సోమశిల హైలెవల్ కాలువ నీరూ ఆ జలాశయంలోంచి రావలసిందే గనుక, శ్రీశైలంలో ఏ నెలలో ఏ మట్టం ఉంచుతారనేది మనకు దూరపు కబురు కాదు.

విశ్వేశ్వరయ్య చివరి సంవత్సరాల వరకూ పని మానలేదు. 1934లో దేశానికి ప్రణాళిక ఎలా ఉండాలో పుస్తకం రాశారు. తొంభై దాటాక బీహారులో గంగ మీద మొకామా వంతెన ఎక్కడ కట్టాలో చూడటానికి వెళ్ళారు. 1955లో భారతరత్న ఇచ్చారు. నూరేళ్ళు నిండి, 1962 ఏప్రిల్‌లో బెంగుళూరులో కన్నుమూశారు. అంత్యక్రియలు పుట్టిన ఊరు ముద్దెనహళ్ళిలో జరిగాయి. ఇర్విన్ కాలువ పేరు తరువాత మార్చి విశ్వేశ్వరయ్య కాలువ అన్నారు. కోలారు గనులు 2001లో మూతపడ్డాయి. శివసముద్రం మాత్రం ఇంకా కావేరి నీటితోనే కరెంటు తీస్తున్నది. కృష్ణరాజసాగరం దగ్గర నది తూము, కాలువ తూము ఎంతెంత తెరవాలన్నది నేటికీ ఏ నెలకా నెల చూసుకుంటున్నారు.